నీ వంతు వాసన

ప్రియమైన నా బంగారుతల్లికి,

ముందు కూర్చో. కూర్చున్నావా? మీ నాన్నకి ముక్కు తిరిగొచ్చిందే! పొద్దున పాలు మాడుతున్నాయని మీ అమ్మకంటే ముందు నేనే అరిచాను. ఆవిడ గరిటె పట్టుకుని అలాగే నిలబడిపోయింది. ముప్పయ్యేళ్లు బల్లలకీ బీరువాలకీ వార్నిష్ పూసి, థిన్నర్‌తో చేతులు కడుక్కుని పోగొట్టుకున్న ముక్కు, పని మానేసిన ఇన్నాళ్లకి దారి గుర్తుపట్టి ఇంటికొచ్చింది. ఇక ఆగుతానా! సబ్బు, దిండు, తడి గొడుగు, పక్కింటాయన కోటు, అన్నీ వాసన చూసేశాను. "ముక్కొచ్చింది సరే, బుద్ధెప్పుడొస్తుందో" అంటోంది మీ అమ్మ.

జోళ్ల కార్ఖానాలో నీ కొత్త పని ఎలా ఉంది?

ఆనందం పట్టలేని
మీ నాన్న

* * *

ప్రియమైన నాన్నా,

నవ్వీ నవ్వీ ఏడ్చాను. పని బాగుంది. జోళ్లకి అడుగులు అంటించే బల్ల నాది. చలికి కిటికీలన్నీ మూసేస్తారు కదా, మొదట్లో జిగురు డబ్బా మూత తియ్యగానే తల తిరిగేది. ఇప్పుడు ఏ వాసనా తెలియడం లేదు. 'ముక్కు మూగబోతే చెయ్యి కుదిరినట్టే' అని మీ పాలిష్ మేస్త్రీ అనేవాడని చెప్పేవాడివే, అలా నేనూ పనిమంతురాలినయ్యాను! వేళ్ల చివర్లే కాస్త మొద్దుబారాయి. పొద్దున్నే చొక్కా గుండీలతో కుస్తీ. చలివల్లే అనుకుంటా. నేనంటించిన జోళ్లు పంపుతున్నాను, వేసుకుని ఊరంతా తిరుగు.

నీ కూతురు

* * *

నా చిట్టితల్లీ,

జోళ్లు కాలికి అతికినట్టు సరిపోయాయి. కానీ తిరగబుద్ధి కాలేదే. అట్టపెట్టె విప్పగానే మా పాత పాలిష్ గదికి కాళ్లొచ్చి ఇంట్లోకి నడిచొచ్చినట్టయింది. మీ అమ్మ పరుగున వెళ్లి కిటికీలు తీసింది. ఒక్క జతకే ఇల్లు ఇలా అయితే, రోజంతా ఆ బల్ల దగ్గర కూర్చునే నీకు వాసన తెలియడం లేదంటావేమే! మేస్త్రీ మాట శుద్ధ తప్పు. కాపలా కుక్క చచ్చి పడుంటే, అరుపుల్లేవు కాబట్టి దొంగల్లేరనుకున్నట్టుంది. వేళ్లది కూడా చలి కాదు. డాక్టరు దగ్గరికి వెళ్లు, జిగురు డబ్బా కూడా పట్టుకెళ్లు. ఇంకో పని చెయ్యి. నారింజపండు ఒలిచి, తోటివాళ్ల కళ్లు మూయించి, ముక్కు దగ్గర పెట్టు. ఏమంటారో రాయి.

కాళ్లూ చేతులూ ఆడని
మీ నాన్న

* * *

ప్రియమైన నాన్నా,

భోజనాల వేళ పండు ఒలిచాను. మా బల్ల పెద్దక్క కళ్లు మూసుకుని, "ఏంటే, మంచినీళ్లా?" అంది. అందరూ పగలబడి నవ్వారు. ఒక్కొక్కరి ముక్కు దగ్గరా పెట్టాక చివరికి నా వంతొచ్చింది. నాకూ ఏమీ రాలేదు నాన్నా. ఇక ఎవరూ నవ్వలేదు.

ఓనరు దగ్గరికెళ్తే, "వాసనుంటే మీరు ముక్కు మూసుకోరూ?" అన్నాడు. పెద్దక్క బతిమాలి ఆయన్ని గదికి తీసుకొచ్చింది. గుమ్మంలోనే జేబురుమాలు తీశాడు. "మా ముక్కులు పోయాయి సార్. మీది ఇంకా పనిచేస్తోంది" అంది.

కిటికీలు తీశారు. గాలి బయటికి లాగే ఫ్యాను పెట్టారు. డాక్టరు జిగురువల్లే అన్నాడు, నన్ను తాళ్లు ఎక్కించే బల్లకి మార్చారు. వేళ్లు మెల్లగా తేరుకుంటాయట. ముక్కు సంగతి మాత్రం చెప్పలేనన్నాడు.

నీ కూతురు

* * *

నా బంగారుకొండా,

నీ ఉత్తరాన్ని చదవకముందే ముక్కుకి ఆనించుకున్నాను. ఒట్టి కాగితం వాసన! ఇల్లంతా గంతులేశాను. "చదువుతారా, తింటారా?" అంది మీ అమ్మ. జోళ్లు పెరట్లో గాలికి ఆరాయి, ఇప్పుడు వేసుకునే తిరుగుతున్నాను.

కవరులో ఎండిన నారింజ తొక్క పెట్టాను. రోజూ పొద్దున ఒకసారి వాసన చూడు. తప్పకుండా వస్తుందని ఒట్టు వెయ్యలేను, నేనేం చదువుకున్నానని. కానీ నాకే వచ్చిందంటే, నీకు రాకుండా పోతుందా! వచ్చిన రోజు రాయి. అప్పటిదాకా నీ వంతు వాసన కూడా నేనే చూసి రాస్తుంటాను.

ఇవాళ్టివి: వాన వెలిశాక మట్టి. పక్కింటి గోడకి కొత్త సున్నం. మీ అమ్మ మళ్లీ మాడబెట్టిన పాలు.

నీ ముక్కు
మీ నాన్న