తొమ్మిది నిమిషాల సిగ్నల్

మార్చి 4
జగదీశ్వర్ సార్ ఫీజిబిలిటీ రిపోర్ట్ నాకే ఇచ్చిండు. కంపెనీల చేరి ఏడు నెలలే. చిన్న శాటిలైట్‌తోని టవర్ లేని ఊర్లకు ఇంటర్నెట్ ఇయ్యొచ్చా, లేదా? పది రోజులల్ల తేల్చమన్నడు. తేలుస్త.

మార్చి 6
లెక్క తేలింది. ఇప్పటికే పైన తిరుగుతున్న మా టెస్ట్ శాటిలైట్ బ్రెడ్డు ప్యాకెట్ అంత ఉంటది. ఒక్కసారి మన మీదికెళ్లి పోతే తొమ్మిది నిమిషాలే. పవర్ తక్కువ, ఫోన్‌కు నేరుగా అందదు, యాంటెన్నా కావాలె. మనం అడిగింది ఇయ్యదు. రేడియో లెక్క అది చెప్తది, మనం వింటం. దీన్ని ఇంటర్నెట్ అనలేం.
కానీ పనికిరాదని ఎవరన్నరు? తొమ్మిది నిమిషాలల్ల ఒక సైన్స్ పాఠం దిగుతది.

మార్చి 8, ఆదివారం
చర్చి నుంచి వచ్చినంక బాపు యాంటెన్నా చేసిండు. పీవీసీ పైపు, అల్యూమినియం కడ్డీలు. ఆర్టీసీ వర్క్‌షాప్‌ల ముప్పై ఏండ్లు చేసిన చెయ్యి. నేను చెప్పిన కొలతకు మిల్లీమీటర్ తేడా రాలే.

మార్చి 9, పొద్దున 6:40
ఏం రాలే. ఉత్త గరగర.
నీ లెక్క తప్పు కాదు స్వరూపా, పక్కింటి మూడో అంతస్తు అడ్డమొస్తున్నదని బాపు అన్నడు. నిజమే. మా మాదన్నపేట గల్లీలల్ల ఆకాశం కూడ ఇరుకే. ఆ ఇల్లు కాశమ్మత్తది. మిద్దె మీదికి రావొచ్చా అని అడిగిన. ఆరేసిన బట్టలు తీసేసి మరీ రమ్మన్నది.

మార్చి 10, పొద్దున 7:05
వచ్చింది. రక్త ప్రసరణ పాఠం, మొత్తం లాప్‌టాప్‌ల దిగింది. ఒక్క అక్షరం పోలే. ఇది నిజంగ పైకెల్లి వచ్చిందా అని కాశమ్మత్త రెండుసార్లు అడిగింది.

మార్చి 12
బ్రాడ్‌కాస్ట్ అయితది, ఇంటర్నెట్ కాదు అని రిపోర్ట్ రాసిచ్చిన. సార్ పిలిచి ఆ ఒక్క మాట మార్చమన్నడు. రేపొచ్చే సర్కారు ఆఫీసర్లు ఇంటర్నెట్ అంటేనే సంతకం పెడ్తరట. మార్చనన్న. అట్లయితే వాళ్లకు నువ్వే చెప్పు, ప్రాజెక్ట్ పోతే నీ మీదనే అన్నడు. చెప్తనన్న.

మార్చి 13
చెప్పిన. ఇది ఇంటర్నెట్ కాదని.
మరి ఎందుకు పనికొస్తది అని ఆఫీసర్ నందిని మేడమ్ అడిగింది. యాంటెన్నా టేబుల్ మీద పెట్టిన, మా బాపు చేసిందని చెప్పిన, దిగిన పాఠం చూపించిన. ఆమె ఆఖరి పేజీ దాక చదివింది. ఇంటర్నెట్ ఇస్తమన్నోళ్లను మస్తుమందిని చూసిన, ఇయ్యలేమని చెప్పినోళ్లను ఇప్పుడే చూస్తున్న అన్నది. టవర్ లేని మూడు ఊర్ల బడులల్ల ట్రయల్‌కు ఒప్పుకున్నది.
బయటికొచ్చినంక సార్, మీ బాపును ఇంకో మూడు చేయమను అన్నడు. అంతే.

మార్చి 31
మొదటి బడి టీచర్ దుర్గయ్య సార్ ఫోన్ చేసిండు. ఫోన్ సిగ్నల్ దొరికే రోడ్డు దాక పన్నెండు కిలోమీటర్లు బండి మీద వచ్చిండట. పాఠం దిగింది మేడమ్, పిల్లలు కూసున్నరు, పోయి చెప్పాలె అని పెట్టేసిండు.