బొట్టు పెట్టిన నల్లపెట్టె

ఏమండీ,

ఇవాళ మీ ఆబ్దికం. భోజనాలయ్యాక అమ్మాయి కొత్తగా కొనుక్కున్న డిజిటల్ పియానో ముందర పెట్టుకుని, బీరువా మీంచి మీ సౌండ్ మాడ్యూల్ దింపింది. అదేనండీ, పెళ్లిళ్లకి మీరు కీబోర్డుకి తగిలించి రకరకాల వాయిద్యాలు పలికించే నల్లపెట్టె. మీరు రోజుల తరబడి కూర్చుని తయారు చేసుకున్న సన్నాయి అందులోనే కదా ఉంది. నరసాపురం పెళ్లిళ్లలో అది వినబడితే, సన్నాయి ఊదే మనిషి కోసం జనం స్టేజీ వెనక్కి తొంగిచూసేవారు.

రెంటికీ కేబుల్ పెట్టి వాయిస్తే పియానోయే మోగింది గానీ పెట్టె పలకలేదు.

"అయ్యో, రెండువైపులా అవుట్‌లోనే పెట్టేశానమ్మా," అంటూ పెట్టె దగ్గర కొసని ఇన్‌లోకి మార్చింది. ఈసారి పెట్టె పలికింది. ఏవేవో వాయిద్యాలు పలికాయి, మీ సన్నాయి తప్ప.

అమ్మాయి ఫోన్లో చూసింది. "లోపల చిన్న బ్యాటరీ ఉంటుందంటమ్మా. అది అయిపోతే నాన్నగారు దాచుకున్నవి చెరిగిపోతాయంట. అయిపోయే ముందు స్విచ్ వేస్తే తెరమీద చెబుతుందంట."

స్విచ్ ఎవరు వేశారు? మీరు పోయాక మీ వస్తువని ఎవర్నీ ముట్టుకోనివ్వలేదు. ప్రతి దసరాకీ శుభ్రంగా తుడిచి, పసుపు రాసి, బొట్టు పెట్టి, దండం పెట్టుకుని మళ్లీ బీరువా ఎక్కించాను.

కొత్త బ్యాటరీ వేయిద్దామంటోంది అమ్మాయి. సరే అన్నాను. వేయించి ఏం వింటాం?

పోయిన దసరాకి పెట్టిన బొట్టు మాత్రం చెక్కు చెదరలేదండీ.