నీటితిత్తి

మా పిచ్చుక వాళ్ళమ్మకి,

ఇక్కడ మేమిద్దరం బాగున్నాం. కిందటి ఉత్తరాల్లో ఈ మాట అలవాటు కొద్దీ రాశాను, ఈసారి నిజంగానే రాస్తున్నాను. నువ్వూ, అత్తయ్యా, నేనింకా ముఖం చూడని చిన్నోడూ అక్కడ బాగున్నారని అనుకుంటున్నాను.

నీ ఉత్తరం మంగళవారం అందింది. చిన్నోడి పాదం కాగితం మీద ఆనించి పెన్సిలుతో గీసి పంపావే, అది పిచ్చుక నా చేతికివ్వడం లేదు. "నా తమ్ముడి కాలు, నా దగ్గరే ఉంటుంది" అంటోంది. రోజుకి పదిసార్లు తన అరచెయ్యి దాని మీద పెట్టి కొలుచుకుంటుంది. మధ్యాహ్నం అది నిద్రపోయాక మెల్లగా లాగి నేనూ కొలుస్తాను. సరిగ్గా నా చూపుడువేలంత ఉంది. నిండు నెలలతో ఉన్న నిన్ను వదిలి బస్సెక్కినప్పుడు పది రోజుల్లో తిరిగొస్తాననుకున్నాను. ఐదు వారాలైంది.

నువ్వడిగినవాటికి జవాబులు. తింటోంది. పాలు, గుడ్డు, వెన్న రాసిన రొట్టె. ఇక్కడిచ్చే మాత్రలు కొవ్వున్న తిండితో వేసుకుంటేనే ఒంటికి పడతాయట. జడ నేనే వేస్తున్నాను. మొదటిరోజు అద్దంలో చూసుకుని "నాన్నా, దీంతో ఆవును కట్టేస్తావా?" అంది. తర్వాత పెద్ద నర్సు దగ్గర నేర్చుకున్నాను. ఇప్పుడు రెండు జడలూ దాదాపు ఒకే పొడవున వస్తున్నాయి. నీ పాత శాలువా లేకుండా పడుకోదు. ఉతుకుతామంటే వార్డంతా లేచేలా ఏడ్చింది, "అమ్మ వాసన పోతుంది" అని. నేను కోప్పడలేదు. ఎందుకు కోప్పడలేదో నీకు తెలుసు.

ఇక, స్కానింగ్‌లో అసలేం చూశారని అడిగావు. టైలర్ షాపు ఫోనులో, నీ వెనక నలుగురు చెవులు రిక్కించి నిలబడితే ఏం చెప్పగలను? పిల్ల కడుపు కుడివైపు ఉబ్బితే మనం అజీర్ణం అనుకున్నాం. ఇక్కడ చల్లటి జిగురు రాసి పరికరం ఆనించగానే పిచ్చుక చక్కిలిగిలి అంటూ మెలికలు తిరిగిపోయింది. స్కానింగ్ చేసే అతను మాత్రం నవ్వలేదు. తెర మీద, కాలేయంలో, నారింజపండంత నల్లటి గుండ్రం. దాని లోపల చిన్న చిన్న గుండ్రాలు. అతను వెళ్ళి ఆపరేషన్లు చేసే డాక్టరమ్మని పిలుచుకొచ్చాడు. ఆవిడ మొదట అడిగింది ఒకటే: "ఎవరైనా సూది గుచ్చి నీరు తీశారా?"

"లేదమ్మా."

"మంచి పని చేశారు. ఇది మామూలు గడ్డ కాదు."

కుక్క పేగుల్లో ఒకరకం చిన్న బద్దెపురుగు ఉంటుందట. దాని గుడ్లు కంటికి కనపడవు. అవి పిల్లల నోట్లోకి పోతే కాలేయంలోనో ఊపిరితిత్తిలోనో చేరి నీటితిత్తిగా పెరుగుతాయట. ఏళ్ళ తరబడి, చప్పుడు లేకుండా. రక్తపరీక్ష కూడా అదే చెప్పింది.

"ఇంట్లో కుక్క ఉందా?" అంది.

"ఉందమ్మా. బొగ్గు అని, నల్లది."

"మీరేం పని చేస్తారు?"

"షాపులో" అన్నాను. మాంసం కొట్టు అనలేదు. ఎందుకనలేదో కాస్త ఆగి రాస్తాను.

రెండు వారాలు మాత్రలు వాడాక ఆపరేషన్ చేశారు. తిత్తిలోని నీరు కడుపులో చిందితే పిల్లకి ఊపిరాడకపోవచ్చనీ, చిందిన చోటల్లా కొత్త తిత్తులు పుట్టొచ్చనీ చెప్పి సంతకం అడిగారు. ఉప్పునీళ్ళలో ముంచిన గుడ్డలు చుట్టూ పరిచి, ముందు లోపలి పురుగుని చంపి, ఆ తర్వాతే తిత్తి తెరుస్తారట. నా సంతకం నాకే కొత్తగా కనిపించింది. చక్రాల మంచం మీద తీసుకెళ్తుంటే పిచ్చుక నా చెయ్యి పట్టుకుని, "నాన్నా, అది తీసేశాక ఆ ఖాళీలో ఏం పెడతారు?" అంది.

"ఏమీ పెట్టరమ్మా."

"అయితే బాగా ఆకలేస్తుంది" అంది. అలా అంటూనే తలుపు అవతలికి వెళ్ళిపోయింది.

మూడున్నర గంటలు. బల్ల మీద నా పక్కన చోటు ఖాళీగా ఉంది. ఎవరైనా కూర్చోబోతే "మనిషి వస్తారు" అన్నాను. నువ్వు రావని తెలిసి కూడా.

డాక్టరమ్మ బయటికొచ్చి "చుక్క చిందలేదు, పిల్ల బాగుంది" అంది. స్టీలు గిన్నెలో తీసిన పొర చూపించింది. తెల్లగా, ఉడికించిన గుడ్డు మీది పొరలా. నేను ఒకడుగు వెనక్కి వేశాను. ఆవిడ భయం అనుకుని కూర్చోబెట్టింది. భయం కాదు. ఆ పొరని నేను గుర్తుపట్టాను.

ఇది రాయడానికే కాగితం తీశాను. ఇంతసేపూ చుట్టూ తిరిగాను.

నువ్వు మూడు ఉత్తరాల్లోనూ ఒకటే అడిగావు. ఆకుకూర సరిగ్గా కడగలేదేమో, కడుపుతో నీరసంగా ఉండి దాని చేతులు పట్టించుకోలేదేమో, అంతా నా వల్లేనేమో అని. అక్షరాలు అలుక్కుపోయి ఉన్నాయి, ఏడుస్తూ రాశావని తెలుస్తూనే ఉంది. అయినా రెండుసార్లు ఆ మాటకి జవాబే రాయలేదు.

నీ వల్ల కాదు. నా వల్ల.

కొట్లో గొర్రెను కోసినప్పుడు ఒక్కోసారి కాలేయం మీద తెల్లటి నీటిబుడగలు ఉంటాయి. అది ఎవరూ కొనరు. పారేయడం ఎందుకని పొట్లం కట్టి బొగ్గు కోసం ఇంటికి తెచ్చేవాణ్ణి. పచ్చిదే. అది గుమ్మంలో గంతులేస్తుంటే పిచ్చుక చప్పట్లు కొట్టేది, నువ్వు నవ్వేదానివి. ఆ బుడగల్లో ఉన్నదే కుక్క కడుపులో పురుగవుతుంది. ఆ పురుగు గుడ్లు దాని బొచ్చుకి అంటుకుని పిల్ల చేతికీ, నోటికీ వచ్చాయి. డాక్టరమ్మ మొదటిరోజే, నా పని అడక్కముందే, బొమ్మ గీసింది: గొర్రె, కుక్క, పిల్ల. గొర్రెకీ కుక్కకీ మధ్య గీసిన బాణం నేనే. అప్పుడే సగం అర్థమైంది, అందుకే మాంసం కొట్టు అనలేదు. గిన్నె చూశాక పూర్తిగా అర్థమైంది. పొట్లం తెచ్చినప్పుడు నాకేమీ తెలియదు. కానీ తెలిశాక కూడా, నువ్వక్కడ నిన్ను నువ్వు తిట్టుకుంటుంటే నోరు మూసుకున్నాను. నాకు సిగ్గు అందుకు.

నిన్న పొద్దున డాక్టరమ్మతో చెప్పేశాను. ఆవిడ మంచం అంచున కూర్చుంది. "తెలియక చేశారు, దానికి నేనేమీ అనను. కానీ ఇన్నాళ్ళు దాచారేంటండీ? ఆ కొట్టు చుట్టూ ఎన్ని కుక్కలు తిరుగుతాయి? ఆ వీధిలో ఎంతమంది పిల్లలున్నారు?" అంది. మధ్యాహ్నమే కొట్టు యజమానికి ఉత్తరం వేశాను, అలాంటి ముక్కలు కుక్కలకి అందకుండా కాల్చేయమని, లేదా లోతుగా పాతేయమని. వచ్చాక వీధిలో ఇంటింటికీ నేనే వెళ్ళి చెబుతాను. అనేవాళ్ళు ఏమన్నా అననీ.

నాకూ స్కానింగ్ చేశారు, ఏమీ లేదు. నువ్వూ అత్తయ్యా కూడా చేయించుకోవాలి. బొగ్గుని తరిమేయకు. పశువుల డాక్టరు దగ్గర మాత్ర వేయించి, అప్పటిదాకా కట్టేసి ఉంచు. "దానికీ ఆపరేషనా?" అని పిచ్చుక అడిగింది. మాత్ర చాలంటే, "అయితే అదే అదృష్టవంతురాలు" అంది.

పిచ్చుక కడుపుకి పెట్టిన గొట్టం తీసేశారు. మాత్రలు ఇంకొన్ని నెలలు వాడాలి, మూడు నెలలకి మళ్ళీ స్కానింగ్. గురువారం ఇంటికి పంపిస్తామన్నారు. మూడింటి బస్సుకి దిగుతాం. పిచ్చుక నడిచే వస్తుందట, ఎత్తుకుంటే ఒప్పుకోదట. పరుగెత్తుకొస్తే ఆపు. కుడిపక్క కుట్లున్నాయి, గట్టిగా హత్తుకోకు. చిన్నోణ్ణి ముందు దాని ఒళ్ళో పడుకోబెట్టు, నా వంతు తర్వాత. నాతో మాట్లాడాలో వద్దో నీ ఇష్టం. నేను గుమ్మం బయటే నిలబడతాను. నాకైతే కుట్లేమీ లేవు. ఎంత గట్టిగా కొట్టినా, ఎంత గట్టిగా పట్టుకున్నా ఫరవాలేదు.

ఇట్లు,
నీ ఇద్దరు పిల్లల నాన్న