అడ్డం ఆట, నిలువు ఆట

నిజాంపురా, భివండి

తమ్ముడు నర్సింగానికి అక్క ఆశీస్సులు.

ఫోను చేద్దామంటే మీ బావ పక్కనే కూర్చుని నీ మీద తీర్పులిస్తున్నారు. అందుకే కలం పట్టాను.

మన ఆడపిల్లల ఫుట్‌బాల్ జట్టు మళ్లీ రెండుగా చీలింది. ఆట నేర్పే మీ బావా బావమరుదుల గొప్ప సిద్ధాంతాల ముందు పిల్లలెంత! మగ్గాలు నడిపే మీ బావకు బంతి నూలు మోసే నాడెలాగా ఈ అంచు నుంచి ఆ అంచుకు తిరుగుతూనే ఉండాలి. గోలు పడకపోయినా మైదానం నిండా మంచి బట్ట తయారవుతుంది. కాల్హేర్ గోదాముల్లో లారీలు నింపించే నీకు, బంతిని ఒక్క తన్నుతో అవతల పడేయడమే శిక్షణ.

"గట్ల గుడ్డిగ తంతె ఆట ఎట్లయితది?" అని ఆయన. "అటిటు తిప్పుడేనా బావా, గోలు కొట్టేది ఎవలు?" అని నువ్వు. మొన్న శుక్రవారం మగ్గాలు బంద్ ఉండటంతో మీ జ్ఞానం వాడంతా వినబడింది.

గోలు కాసే మీ నేహ అక్కడ, గోలు కొట్టే మా ఆర్తి ఇక్కడ. విడిగా థానే జిల్లా పోటీకి ఏ జట్టుకూ పదకొండు మంది లేరు. "అమ్మా, నాయిన, మామ ఇద్దరు పాగల్. మేమెట్ల ఆడాలె?" అని ఆర్తి ఏడుస్తోంది.

అందుకే మన కులదైవం మార్కండేయునికి దీపం పెట్టి, చెప్పబోయే అబద్ధానికి ముందే క్షమాపణ చెప్పుకొని, నువ్వు తప్పు ఒప్పుకున్నావని మీ బావతో అన్నాను. ఆయన ముఖం వెలిగిపోయింది. "రమ్మను" అన్నారు. ఈ శుక్రవారం పిల్లలను తీసుకురా. కాస్త తల వంచుకొని నిలబడితే చాలు.

ఈ కాగితాలు దాచుకో, మీ బావకు చూపకు. నీ భార్య కనకవ్వకు అసలే చూపకు. నీతో తను ఇలాంటి అబద్ధాలు ఎన్ని చెప్పిందో గుర్తొచ్చి తనకు నవ్వు ఆగదు.

మీ అక్క