వదులుకోలేనిది

ప్రియమైన పిచ్చుకా,

ఉభయ కుశలోపరి అని మొదలుపెట్టడం పెద్దలు నేర్పిన మర్యాద. నా పక్షాన కుశలం అరకొరగానే ఉంది కనుక అందులో నీ వంతు మాత్రమే పంపుతున్నాను. తుంటి ఎముక అతికింది కాని వంకరగా అతికిందట. మళ్ళీ కోసి సరిచేయాలనీ, వానలు మొదలయ్యేలోగా ఆ పని జరగకపోతే కాలు ఇక నేల మోపదనీ డాక్టరు తేల్చి చెప్పాడు. జీవితమంతా నిలబడి పాఠం చెప్పినవాడికి పడుకుని పాఠం వినడం ఎంత శిక్షో ఇప్పుడు తెలుస్తోంది. కప్పులో ఒక పగులు ఉంది. దాని మలుపులన్నీ నాకు కంఠస్థం.

కనుక ఆ ఖర్చుకు నా కారు బండి అమ్మేయి. దళారీల దగ్గరికి వెళ్ళకు, సగం వాళ్ళే మింగుతారు. ప్రకటన వేసి నేరుగా అమ్ము. కొనేవాడు ఒక చుట్టు నడిపి చూస్తానంటాడు, అడగడం న్యాయమే. పూచీగా గుర్తింపు కార్డు ఇస్తానంటాడు, ఒప్పుకోకు. కార్డులు ఏ సందులోనైనా అచ్చవుతున్న కాలమిది. వాడు వదులుకోలేనిదాన్ని దేన్నైనా నీ దగ్గర ఉంచుకుని, ఆ తరువాతే తాళం చేతికివ్వు. వస్తువు విలువ కాదు, దానిమీద వాడికున్న మమకారమే పూచీ.

నువ్వు మాటల పుట్టవు, లెక్కల్లో మాత్రం మెతక. అందుకే ఇంత చెప్పవలసి వచ్చింది.

నిన్ను ఎప్పటికీ విసిగించే,
అన్నయ్య


ప్రియమైన మాష్టారన్నయ్యకు,

నమస్కారాలు. నువ్వు చెప్పింది చెప్పినట్టే చేశాను. బండి పోయింది.

తిట్టే ముందు మొత్తం చదువు. వచ్చినాయన నడివయసు మనిషి. ఉతికిన చొక్కా, అరిగిన చెప్పులు. మొదటిసారి బండి చుట్టూ ఒక్కసారి తిరిగి, మంచినీళ్ళు అడిగి లోపలికొచ్చాడు. "ఈ గదిలోకి పొద్దుటెండ వస్తుందా అమ్మా?" అన్నాడు. వస్తుందన్నాను. "మీరు ఎక్కువగా బయటికెళ్తుంటారా?" అన్నాడు. "పరదాలు కుట్టుకునేదాన్ని, మిషను నన్నెక్కడికి కదలనిస్తుంది? మా అన్నయ్య ఉన్న ఆస్పత్రికి తప్ప" అన్నాను. ఈ ఆరాలేమిటా అనిపించింది కాని, అడిగే తీరు మెత్తగా ఉంది.

రెండోసారి వచ్చేసరికి నేను పక్కింటి పెద్దావిడ కళ్ళలో మందు చుక్కలు వేస్తున్నాను. గుమ్మంలో నిలబడి చూస్తూ ఉండిపోయాడు. "మీకు విసుగు రాదా?" అన్నాడు. "రాకేం, బ్రహ్మాండంగా వస్తుంది. వస్తే మాత్రం కంట్లో వేయాల్సింది ముక్కులో వేస్తానా?" అన్నాను. నవ్వాడు. నవ్వి, కళ్ళు తుడుచుకున్నాడు.

మూడోసారి తండ్రిని వెంటబెట్టుకొచ్చాడు. కిటికీ పక్క కుర్చీలో కూర్చోబెట్టి, శాలువా సర్ది, "నాన్నా, కదలకు. ఒక చుట్టు తిరిగొస్తా" అన్నాడు. నాకు నీ మాట గంట కొట్టినట్టు వినిపించింది. కన్నతండ్రికన్నా వదులుకోలేనిది ఎవరికైనా ఏముంటుంది అన్నయ్యా? తాళం నా చేత్తోనే ఇచ్చాను.

అంతే. మళ్ళీ రాలేదు. వాడి ఫోను మోగదు. పెద్దాయనకు తన పేరు తెలియదు, ఊరు తెలియదు. నన్ను "అక్కా" అంటాడు, నాకంటే పెద్దవాడై ఉండి. గుడ్డ కనిపిస్తే చాలు, మడత పెడతాడు. మిషను మీదున్న పరదాను కూడా మడతపెట్టేశాడు, సూది కింద ఉండగానే. పోలీసులు ఫిర్యాదు రాసుకుని, "ముసలాయన్ని శరణాలయంలో అప్పగించండమ్మా" అన్నారు. రేపు వెళ్దామనుకుంటాను. రేపు మళ్ళీ రేపటికి పోతోంది.

బీమా కంపెనీకి కూడా తెలియజేశాను. బండి నీ పేరున ఉంది కాబట్టి వాళ్ళ మనిషి నీ దగ్గరకూ వస్తాడట.

మొహం చూపించలేని నీ,
పిచ్చుక


ప్రియమైన పిచ్చుకా,

బీమా పరిశీలకుడు వచ్చి వెళ్ళాడు. కుర్చీ చూపినా కూర్చోలేదు. నేను కదలలేనని తెలిసి కాబోలు, నా కాళ్ళ వైపు నిలబడి మాట్లాడాడు.

"మాష్టారూ, మీ చెల్లెలుగారు తాళం తానే ఇచ్చానంటున్నారు. ఇచ్చింది పోతే దొంగతనం కాదండీ, మోసం. పాలసీలో దొంగతనానికే పరిహారం."

"ఇల్లు పోయినవాడికి అది కాలిపోయిందా కూలిపోయిందా అన్న మీమాంస దేనికి నాయనా?" అన్నాను.

"మాకదే ముఖ్యమండీ. ఇంకోటి. దొంగ తెచ్చిన మనిషి ఇంకా మీ ఇంట్లోనే ఉన్నాడట. ఎవరైనా ఏమనుకుంటారు? మీరూ మీరూ ఒకటేనని."

నాలుగు వైపులా గోడలు కట్టి, పైన కప్పు కూడా వేసి వెళ్ళాడు. నిన్నంతా ఆలోచించాను. వానలు దగ్గర పడుతున్నాయి. ఇంతకాలం నీకు చెప్పని మాట ఒకటి చెబుతున్నాను. ప్రాణం మీదికి వచ్చినప్పుడు అనృతమాడవచ్చునని పెద్దలు మినహాయింపు ఇచ్చారు. కాలు ప్రాణం కాదంటావేమో. ఈ మంచం మీద పడుకుని చూస్తే కాలే ప్రాణం.

వాళ్ళు నీ వాంగ్మూలం మళ్ళీ తీసుకుంటారు. ఇంజను ఆపకుండా, తాళం బండిలోనే ఉంచి, నీళ్ళు తేవడానికి లోపలికి వెళ్ళాననీ, అంతలో వాడు ఎక్కి పోయాడనీ చెప్పు. ముందు చెప్పింది కంగారులో చెప్పానను. వాళ్ళు వచ్చేలోగా ఆ పెద్దాయన్ని శరణాలయంలో దింపేయి. దయ గొప్పదే, కాదనను. అయితే తన ఇల్లు మండుతుంటే ఊరి దీపాలు సర్దడం వివేకం కాదు.

ఈ ఉత్తరం చదివాక చింపేయి.

నీ అన్నయ్య


ప్రియమైన అన్నయ్యకు,

ఉత్తరం చింపలేదు. ఇన్నాళ్ళలో నువ్వు నన్ను బతిమాలినట్టు అడిగింది ఇదొక్కటే, ఎలా చింపను?

నీ కాలి కోసం అబద్ధమాడదామనే కూర్చున్నాను. పెద్దాయన్ని వెనక గదిలో ఉంచి తలుపు వేశాను. పరిశీలకుడు వచ్చాడు. నువ్వు రాసినట్టే, తాళం బండిలోనే ఉందండీ, నీళ్ళ కోసం లోపలికెళ్ళానండీ అని సగం చెప్పాను. వెనక తలుపు తెరుచుకుంది. చలి అంటాడని నేను కొన్న కొత్త స్వెట్టరు వేసుకుని, చేతిలో మడతపెట్టిన తువ్వాలుతో ఆయన వచ్చాడు.

"అక్కా, చుట్టాలొస్తే టీ ఇవ్వవా?"

పరిశీలకుడి కలం ఆగింది. "అక్కా?"

"అందర్నీ అలాగే అంటారండీ. మతిమరుపు."

"మరి నన్ను అన్నా అనలేదేం?" అని ఆయన వైపు తిరిగి, "పెద్దాయనా, బండి తాళం ఎక్కడుండేది?" అన్నాడు.

తన పేరు గుర్తులేని మనిషికి అది గుర్తుంది అన్నయ్యా! "మా అబ్బాయికి అక్కే ఇచ్చింది, చేతిలో పెట్టి. మంచిది మా అక్క" అన్నాడు.

"ఈయన మీకేమవుతారు?"

"ఏమీ కారండీ."

"ఏమీ కాని మనిషికి కొత్త స్వెట్టరు కొన్నారా?" అని నవ్వుతూ సంచి సర్దుకున్నాడు. వరసకు తమ్ముడు, బంధువు అని రాసుకున్నాడు. దరఖాస్తు తిరస్కరించినట్టే అనుకోమని గుమ్మం దగ్గర చెప్పి వెళ్ళాడు.

కోపం నా నెత్తికెక్కింది. పెద్దాయన చెయ్యి పట్టుకుని శరణాలయానికి లాక్కుపోయాను. పొడవాటి హాలు, గోడవారగా బల్లలు, ఫినాయిలు వాసన. ఆయన్ని ఒక బల్ల మీద కూర్చోబెట్టాను. నా నోట్లోంచి ఏ మాట వచ్చిందో తెలుసా? "కదలకండి, ఒక చుట్టు తిరిగొస్తా." అచ్చంగా వాడి మాటే! మలుపు దాకా వెళ్ళాను, అన్నయ్యా, ఆ పైకి వెళ్ళలేకపోయాను. తిరిగొచ్చేసరికి పక్కవాళ్ళ దుప్పట్లన్నీ మడతపెడుతున్నాడు. "అప్పుడే వచ్చేశావా?" అన్నాడు.

ఇప్పుడు ఇద్దరమూ ఇంట్లోనే ఉన్నాం. తలుపు తీసి ఉంటే వీధిలోకి వెళ్ళిపోతాడు కనుక లోపల గడియ వేసి కుడుతున్నాను. నిన్ను చూడటానికి రావాలని ప్రాణం కొట్టుకుంటోంది. ఈయన్ని వదిలి రాలేను, తీసుకుని రావాలంటే బండి లేదు. నువ్వు ఆ మంచం మీద, నేను ఈ గడియ వెనక.

నీకు ఏమీ చేయలేకపోయిన,
పిచ్చుక


ప్రియమైన పిచ్చుకా,

నీ ఉత్తరం అందాక కొన్నాళ్ళు జవాబు రాయలేదు. కోపం కొంత, సిగ్గు అంతకంటే ఎక్కువ. శరణాలయంలో నువ్వు మలుపు దాకా వెళ్ళి తిరిగివచ్చిన చోటు చదివి, నా ఉత్తరం నేనే చింపి ఉండవలసిందనుకున్నాను.

చేసే పని లేక నీ పాత ఉత్తరం తీశాను. క్లిష్టమైన పద్యం ముందు పెట్టుకుంటే నేనేం చేసేవాడినో నీకు తెలుసు. కవి ఏం చెప్పాడని కాదు, చెప్పవలసింది ఏది చెప్పలేదని వెతికేవాడిని. అలాగే చదివాను. ఒకచోట ఆగిపోయాను.

ఆ మనిషి మూడుసార్లు వచ్చాడు. మైలేజీ ఎంతో అడగలేదు. ధర తగ్గించమనలేదు. బానెట్టు ఎత్తలేదు. కొనేవాడు అడుగుతాడు. దొంగ అయితే కొనేవాడికంటే ఎక్కువ అడుగుతాడు, అనుమానం రాకూడదు కనుక. ఇతడు అడిగింది పొద్దుటెండ గురించి. నువ్వు ఇంటిపట్టున ఉంటావా అని. నీకు విసుగు వస్తుందా అని.

పిచ్చుకా, వాడు బండి చూడటానికి రాలేదు. నిన్ను చూడటానికి వచ్చాడు. తండ్రిని వదిలి బయటపడడానికి వాడికి ఒక సాకు కావాలి. నడిపి చూస్తానన్నది ఆ సాకు. పూచీగా ఏం ఉంచుకోవాలో నేను నీకు నేర్పి, వాడి పని సులువు చేశాను.

నా ఊహ నిజమైతే వాడికి బండితో పని లేదు. ఊరు విడిచే చోటే దాన్ని విడిచి ఉంటాడు. పోలీసులు పొలిమేర దాటి వెతుకుతున్నారు. నువ్వు బస్టాండు దగ్గర, రైలు స్టేషను దగ్గర బళ్ళు నిలిపే చోట్లు చూడు. పెద్దాయన్ని వెంట తీసుకెళ్ళు, స్వెట్టరు వేసి.

నీ అన్నయ్య


ప్రియమైన మాష్టారన్నయ్యకు,

నువ్వు పద్యాలకే కాదు, దొంగలకూ వ్యాఖ్యానం రాయగలవు. బండి దొరికింది.

బస్టాండు వెనక, డబ్బు కట్టి బళ్ళు నిలిపే చోట ఉంది. శుభ్రంగా కడిగి ఉంది. కాపలాదారు నన్ను చూసి, "వచ్చారా అమ్మా! పెద్దాయనతో ఒకమ్మ వస్తుందని చెప్పి, నెల మొత్తానికి ముందే కట్టి పోయాడాయన" అని తాళం ఇచ్చాడు. వెనక సీటులో పెద్దాయన బట్టలు, కళ్ళజోడు, దుప్పటి, ఇంట్లో వేసుకునే చెప్పులు. అన్నీ మడతపెట్టి ఉన్నాయి. ఆ మడతలు ఈయన పెట్టే మడతల్లాగే ఉన్నాయి. కొడుక్కి తండ్రే నేర్పి ఉంటాడు.

పెద్దాయన ముందు సీటులో ఎక్కి కూర్చుని, "అబ్బాయి ఏడీ?" అన్నాడు. నేను బండి స్టార్టు చేశాను. ఇంటికి చేరేసరికి ఆ ప్రశ్న మర్చిపోయాడు. నేను మర్చిపోలేదు.

పోలీసుల దగ్గరకు వెళ్ళాను. వస్తువు దొరికింది కనుక ఫిర్యాదు ముగిసిందన్నారు. "మరి ఈయన?" అన్నాను. "ఆయన్ని ఎవరూ ఎత్తుకుపోలేదు కదమ్మా" అన్నారు. బీమావాళ్ళయితే నష్టమే జరగలేదు కాబట్టి వివాదమే లేదన్నారు. పోయిన బండికి ఇంతమంది ప్రశ్నలు వేశారు, వదిలేసిన మనిషికి ఒక్కడూ వేయలేదు.

కోపమే అన్నయ్యా. వాడి మీద రోజూ వస్తుంది. నన్నడిగి ఉంటే ఒప్పుకునేదాన్నా? ఒప్పుకునేదాన్ని కాదు. అది తెలిసే అడగలేదు. మిషను ముందు కూర్చున్నప్పుడల్లా ఎవరో నా గది కొలతలు తీసుకుని, నాకు తెలియకుండా నన్ను కుట్టేసినట్టుంటుంది.

ఇవాళ బండి అమ్మేశాను. నీ ఆపరేషనుకు సరిపోతుంది, డాక్టరుకు కబురు పెట్టాను. వానలకు ముందే జరుగుతుంది. ఇప్పుడు చేతిలో డబ్బుంది, అద్దె కారు మాట్లాడుకుని వచ్చి నీ పక్కనే ఉంటాను, ఈయనతో సహా. నీ దుప్పటి గురించి బెంగ పెట్టుకోకు, నువ్వు కప్పుకుని ఉండగానే మడతపెడతాడు.

కొన్నది ఒక పెళ్ళైన జంట. బానెట్టు ఎత్తారు, టైర్లు తన్నారు, ధర దగ్గర గంటసేపు చంపారు. నాకెంత హాయిగా ఉందో! నడిపి చూస్తామన్నప్పుడు, పూచీగా భార్యను ఇక్కడ కూర్చోమంటానన్నాడు ఆయన. "వద్దు బాబూ, ఇద్దరూ వెళ్ళండి, మీ చేతి గడియారం చాలు" అన్నాను.

బండి కదిలిన చప్పుడు విని పెద్దాయన కిటికీ దగ్గరికి వెళ్ళి నిలబడ్డాడు. అది మలుపు తిరిగినా కదల్లేదు. వాళ్ళు తిరిగొచ్చే దాకా అక్కడే ఉన్నాడు. తాళం నా చేతికి తిరిగిస్తూ ఆ అమ్మాయి అడిగింది, "పాపం, ఎవరికోసమో చూస్తున్నట్టున్నారు. మీకేమవుతారండీ?" అని.

పరిశీలకుడు రాసుకున్న జవాబే చెప్పాను. "మా తమ్ముడు" అన్నాను.

నువ్వు నడిచి ఇంటికొచ్చే రోజు కోసం ఇద్దరుగా ఎదురుచూసే,
పిచ్చుక