బీరువాలో పొగ

సుగుణా,

గ్యాసు వచ్చాక కట్టెల పొయ్యి పొగలో మాంసం ఆరేసుకునే భాగ్యం పోయిందని సణిగేదానివి కదా. మొన్నటి వరదకి అడుగు తుప్పు పట్టిన నీ బీరువాని ఖాళీ చేసి పెరట్లో నిలబెట్టాను. అరలు పీకి, పాత గొడుగు చువ్వలకి మాంసం ముక్కలు గుచ్చాను. కింద చిల్లు కాగులో కొబ్బరి డొక్కలు రాజేశాను.

నీ జ్ఞాపకార్థ కూటంలో ప్రార్థన అయ్యాక ఆ కూరే వడ్డించాను. మొదటి ముద్దకే మీ తమ్ముడు ఆగిపోయాడు.

“బావగారూ, కలరా ఉండల వాసనండీ! అక్క చీరల్లో వేసేది కదండీ. నాలుగు రోజులు ఖాళీగా పొగ పెట్టండి, పోద్ది.”

“ఆయ్, అలాగే” అన్నాను.

అందరూ పప్పుతో తినేసి వెళ్ళారు. డొక్కలు ఇంకా బోలెడు ఉన్నాయి. నేను మాత్రం పొగ పెట్టలేదు. తలుపు తీసి ఉంటే ఉన్న వాసన పోతుందని బీరువాకి తాళం వేశాను.