కొత్త మైకులో మొదటి పాట

అక్కా,

పొద్దున నీ సంవత్సరీకం అయింది. సాయంత్రం మన పుంగనూరు ఇంట్లో, నువ్వు పాడుకునే గదిలో కొత్త మైకు పెట్టించాను. పాత టేపురికార్డరులో పాట కంటే గుయ్యిమనే చప్పుడే ఎక్కువని తిట్టుకునేదానివి కదా! రేడియోలు బాగుచేసే బాషన్న బెంగళూరు నుంచి మైకూ క్యాసెట్ డెక్కూ తెచ్చి బిగించాడు. బస్సుల మోత రాకుండా కిటికీలకు బొంతలు కట్టాను.

నలుగు పాట పాడాను. టేపు వెనక్కి తిప్పి విన్నాక బాషన్న అడిగాడు.

"యాలమ్మా, లైను లైనుకీ ఆగినావు? ఆడ ఎవురు పాడల్ల?"

పెళ్లిళ్లలో నువ్వు ఎత్తుకుంటే నేను వెనక అందుకునేదాన్ని. ఆ అలవాటుతో నీ లైన్లకు చోటు వదిలి, నావి మాత్రమే పాడాను. మైకు మంచిదే అక్కా. ఆ ఖాళీల్లో నా ఊపిరి కూడా వినపడింది.

"దీనిమీదనే మల్లా పాడమ్మా, ముందుది చెరిగిపోతుంది" అన్నాడు.

"వద్దన్నా, అది అట్లే ఉండనీ."

కొత్త క్యాసెట్టు పెట్టించాను. నీ అంత గొంతు నాకు లేదు. పైకి పోయినచోట జీర వస్తుందనీ తెలుసు. అయినా ఈసారి పాట నేనే ఎత్తుకున్నాను.

నీ చెల్లెలు